బిల్లుతో పాటు వచ్చిన కాగితం

(టెక్సాస్‌లో, డాలస్ శివారులోని ఒక గ్రంథాలయంలో జరిగిన తెలుగువారి నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవారు ముందుకు రండి, ఇక్కడ ఆరేడు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. సమోసాలు కూడా ఈ వైపే ఉన్నాయి. (నవ్వులు)

మీలో ఫోను బిల్లు ఇంకా కాగితం మీద తెప్పించుకునేవారు ఎంతమంది? ఒకటి, రెండు... నలుగురు. ఆ నలుగురిలో బిల్లుతో పాటు కవరులో వచ్చే మిగతా కాగితాలు చదివేవారు? ఎవరూ లేరు. సిగ్గుపడకండి, నేనూ చదవలేదు. పన్నెండేళ్లు ఫోను కంపెనీలకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసినవాణ్ని. ఆ బిల్లులో అచ్చయ్యే ప్రతి అంకె ఏ పట్టికలోంచి వస్తుందో తెలిసినవాణ్ని. అయినా నా ఇంటికి వచ్చిన కాగితాన్ని మడత విప్పకుండానే చెత్తబుట్టలో వేశాను, ఒకసారి కాదు, చాలాసార్లు.

ఆ కాగితంలో ఉండే మాట ఇంతే. మీ ఖాతాకు సంబంధించిన ఫలానా సమాచారాన్ని మా అనుబంధ సంస్థలతో పంచుకుంటాం, దాన్ని బట్టి మీకు మరికొన్ని సేవలు అమ్మజూపుతాం. మీకు ఇష్టం లేకపోతే 30 రోజుల్లోగా ఈ నంబరుకు ఫోను చేసి చెప్పండి. చెప్పకపోతే మీరు ఒప్పుకున్నట్లే.

పెళ్లిచూపుల్లో అమ్మాయి తల దించుకుని కూర్చుంటే మన పెద్దవాళ్లు మౌనం అర్ధాంగీకారం అనేవారు. అందులో కనీసం సగమే ఉంది. మిగతా సగం కోసం మళ్లీ ఎవరో వెళ్లి అడిగేవారు. ఈ కాగితంలో ఆ సగం కూడా లేదు. మౌనమే పూర్తి అంగీకారం. అది కూడా అసలు ప్రశ్న వినపడనివాళ్ల మౌనం.

ఇంతకీ ఏమిటా సమాచారం? దానికి చట్టంలో ఒక పేరుంది, సీపీఎన్ఐ. కస్టమర్ ప్రొప్రైటరీ నెట్‌వర్క్ ఇన్ఫర్మేషన్. నోరు తిరగని పేరు. చదివేవాళ్లు ఇక్కడే ఆగిపోవాలని పెట్టారేమో అని నా అనుమానం. 1996 నాటి టెలికమ్యూనికేషన్స్ చట్టం తెచ్చిన 222వ సెక్షను దీని గురించే. మీరు ఏ నంబర్లకు ఫోను చేశారు, ఎప్పుడు చేశారు, ఎంతసేపు మాట్లాడారు, ఎక్కడ ఉండి మాట్లాడారు, ఏ ప్లాను తీసుకున్నారు, అందులో ఎంత వాడారు, బిల్లు ఎంత వచ్చింది, ఇవన్నీ దాని కిందికి వస్తాయి. డైరెక్టరీలో అచ్చయ్యే మీ పేరు, చిరునామా, ఫోను నంబరు మాత్రం రావు. చాలామంది దీన్ని తలకిందులుగా అనుకుంటారు. పేరు, నంబరు రహస్యం, మిగతాదంతా కంపెనీ లెక్కల వ్యవహారం అనుకుంటారు. చట్టం దృష్టిలో మీ పేరు ఊరందరిదీ. మీరు రాత్రి 11 గంటలకు ఎవరితో మాట్లాడారన్నదే మీ సొంతం.

మా వృత్తిలో దీన్ని కాల్ రికార్డు అంటాం. మీ మాటలు రికార్డు చేయడం అని కాదు, మాటలు అందులో ఉండవు. ఒక్కో కాల్‌కు ఒక్కో వరుస. చేసిన నంబరు, అందుకున్న నంబరు, మొదలైన క్షణం, ఎన్ని సెకన్లు, ఏ టవరు నుంచి, ఏ ఫోను పరికరం. ఉద్యోగంలో చేరిన కొత్తలో పరీక్ష కోసమని నా సొంత నంబరుకు ఒక నెల వరుసలు తీయించుకుని చూశాను. నా డైరీ నాకంటే ఓపిగ్గా ఇంకెవరో రాసిపెట్టినట్లు అనిపించింది.

ఇక్కడ బాబాయిగారు ఏదో అంటున్నారు... గట్టిగా చెప్పండి బాబాయిగారూ. ఆహా. "నేను మా అబ్బాయికి, గుంటూరులో మా తమ్ముడికి తప్ప ఎవరికీ ఫోను చేయను, నా దగ్గర దాచుకోవడానికి ఏముంది" అంటున్నారు. ఎక్కడికి వెళ్లినా ఈ మాట వినిపిస్తుంది. దీనికి స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో కొందరు పరిశోధకులు పదేళ్ల కిందటే జవాబు చెప్పారు. కొన్ని వందలమంది తమంతట తామే ముందుకొచ్చి తమ కాల్ వివరాలను వాళ్లకిచ్చారు. మాటలు కాదు, నంబర్లు, సమయాలు మాత్రమే. అందులో ఒక మనిషి పెద్ద ఆసుపత్రిలో గుండె డాక్టర్లతో చాలాసేపు మాట్లాడాడు, ఒక ల్యాబ్‌తో కాసేపు మాట్లాడాడు, మందుల షాపు నుంచి కాల్స్ అందుకున్నాడు, గుండె లయను గమనించే ఒక పరికరానికి సంబంధించిన నంబరుకు చిన్న చిన్న కాల్స్ చేశాడు. ఆయనకున్న జబ్బు ఏమిటో ఒక్క మాట వినకుండానే తెలిసిపోయింది. ఇంకో మనిషి మూడు వారాల్లో ఇంటి మరమ్మతు సామాన్ల దుకాణానికి, తాళాలు చేసేవాళ్లకు, మట్టి లేకుండా మొక్కలు పెంచే సామగ్రి అమ్మేవాడికి, గంజాయి గొట్టాలు అమ్మే కొట్టుకు ఫోన్లు చేశాడు. (నవ్వులు) చూశారా, మీకు విడమరిచి చెప్పనక్కరలేకపోయింది. యంత్రానికీ అక్కరలేదు.

మన ఇళ్ల సంగతి చూద్దాం. ఒక మంగళవారం ఇమిగ్రేషన్ లాయరుకు 40 నిమిషాల కాల్. అదే రోజు సాయంత్రం ఇండియాకు రెండు కాల్స్, తర్వాత స్నేహితులకు ఆరు. ఆ వారంలోనే అపార్ట్‌మెంటు ఆఫీసుకు, పిల్లల బడికి, సామాన్లు తరలించే కంపెనీకి. ఈ గదిలో సగంమందికి ఈ వరుస చూడగానే గుండె జారిపోతుంది, ఎందుకంటే మనలో చాలామంది ఆ వారం గడిపినవాళ్లమే. ఉద్యోగం పోయిందని తల్లికి కూడా చెప్పకుండా దాచిన మనిషి సంగతి ఆ పట్టికకు తెలుసు. కాబట్టి బాబాయిగారూ, మీ దగ్గర దాచుకోవడానికి ఏమీ లేకపోవచ్చు. మీకు ఫోను చేసేవాళ్ల దగ్గర ఉండవచ్చు.

మౌనం అంగీకారంగా ఎలా మారిందో కొంచెం నిదానంగా చెబుతాను. నాకు ఈ కథలో అన్నిటికంటే ఆసక్తికరమైన భాగం అదే.

1996 చట్టం కస్టమరు ఆమోదం కావాలని చెప్పింది కానీ, ఆమోదం అంటే ఏమిటో చెప్పలేదు. 1998లో ఫోను కంపెనీలను నియంత్రించే ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్, అంటే ఎఫ్‌సీసీ, ఆమోదం అంటే నోరు తెరిచి సరే అనడమే అని నియమం పెట్టింది. చాలా మామూలు మాట. కానీ పశ్చిమ రాష్ట్రాల్లో ఫోను సేవలందించే యూఎస్ వెస్ట్ అనే కంపెనీ కోర్టుకు వెళ్లింది. 1999లో డెన్వర్‌లోని పదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు ఆ నియమాన్ని కొట్టేసింది. ఏ కారణంతోనో చెబితే మీరు నమ్మరు. భావప్రకటన స్వేచ్ఛ! కంపెనీ తన కస్టమర్లతో వ్యాపారపరంగా మాట్లాడటం కూడా రాజ్యాంగం కాపాడే మాటే, ఆ మాటకు ఈ సమాచారం అవసరం, వద్దన్నవాళ్లను వదిలేసే తేలిక పద్ధతి సరిపోదని ఎఫ్‌సీసీ రుజువు చేయలేదు అని కోర్టు అంది. ముగ్గురు న్యాయమూర్తుల్లో ఒకరు ఒప్పుకోలేదు, ఇద్దరు ఒప్పుకున్నారు.

అలా మన ఫోను లెక్కల మీద మాట్లాడే హక్కు కంపెనీకి దక్కింది. మనకు మిగిలింది వద్దని చెప్పే శ్రమ. 2002లో ఎఫ్‌సీసీ నియమాలు తిరగరాసింది. సొంత అనుబంధ సంస్థలతో పంచుకుని ఫోను సంబంధిత సేవలు అమ్ముకోవడానికి ఆప్ట్ అవుట్ చాలు, అంటే మనం వద్దనేదాకా అవునన్నట్లే. బయటివాళ్లకు ఇవ్వాలంటే మాత్రం ముందుగా మన అనుమతి కావాలి. నోటీసు ఇచ్చాక కనీసం 30 రోజులు ఆగాలి, ఆ నోటీసు రెండేళ్లకోసారి మళ్లీ ఇవ్వాలి. వద్దన్నందుకు సేవలో ఏ తేడా రాదని అందులో రాయాలి. చెత్తబుట్టలో పడే కాగితం పుట్టిన కథ ఇది.

కంపెనీ పంచుకోవడం అలా ఉంచి, దొంగతనం సంగతి 2006లో బయటపడింది. 2004లో డెమొక్రాటిక్ పార్టీ అధ్యక్ష అభ్యర్థిత్వానికి పోటీపడిన మాజీ జనరల్ వెస్లీ క్లార్క్ సెల్‌ఫోను కాల్ వివరాలను ఒక బ్లాగు నడిపేవారు ఇంటర్నెట్‌లో కొని చూపించారు. ధర 90 డాలర్ల లోపే. కస్టమరు గొంతుతో కాల్ సెంటరుకు ఫోను చేసి "నా బిల్లు ఒకసారి పంపండి" అనడం, అంతే పెట్టుబడి. అదే ఏడాది హ్యూలెట్ ప్యాకర్డ్ కంపెనీ పెట్టుకున్న డిటెక్టివులు ఇదే పద్ధతిలో తమ డైరెక్టర్ల, విలేకరుల కాల్ వివరాలు లాగారని తేలి పెద్ద గొడవైంది. మరుసటి ఏడాది ఇలా మోసంతో వివరాలు రాబట్టడం ఫెడరల్ నేరమైంది. కాల్ వివరాలు ఫోనులో చెప్పాలంటే పాస్‌వర్డ్ ఉండాలని, కాంట్రాక్టర్లకు, భాగస్వామ్య కంపెనీలకు మార్కెటింగ్ కోసం ఇవ్వాలంటే ముందు అనుమతి తీసుకోవాలని ఎఫ్‌సీసీ నియమాలు బిగించింది. ఇప్పుడు కాల్ సెంటరు అమ్మాయి మీ పిన్ నంబరు అడిగినప్పుడు మీరు విసుక్కుంటారే, ఆ అడగడం వెనక ఇంత కథ ఉంది.

సరే, కనీసం ఆ కాగితమైనా అందరికీ పంపారా? 2014లో వెరిజాన్ అనే పెద్ద ఫోను కంపెనీ 74 లక్షల డాలర్లు కట్టి ఒక కేసు పరిష్కరించుకుంది. 2006 నుంచి కొన్నేళ్లపాటు సుమారు 20 లక్షలమంది ల్యాండ్‌లైను కస్టమర్లకు ఆప్ట్ అవుట్ నోటీసు అందనే లేదు. అయినా వాళ్ల సమాచారంతో మార్కెటింగ్ సాగిపోయింది. మౌనం అంగీకారం అంటే అలా కూడా ఉంటుంది. అడగకపోయినా ఒప్పుకున్నట్లే.

ఇంటర్నెట్ సంగతి వేరు. మీరు ఏ వెబ్‌సైటు చూశారన్నది ఈ పాత సీపీఎన్ఐ నియమాల్లోకి రాదు. 2016లో ఎఫ్‌సీసీ బ్రౌజింగ్ చరిత్రకు కూడా ముందస్తు అనుమతి కావాలని కొత్త నియమాలు తెచ్చింది. 2017 వసంతంలో అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ వాటిని రద్దు చేసింది. సెనేట్‌లో 50-48, ప్రతినిధుల సభలో 215-205. అలాంటి నియమాలనే ఎఫ్‌సీసీ మళ్లీ తనంతట తాను తేలేకుండా తలుపు మూసేశారు. ఆ తర్వాత ఏమైందో మీ ఫోన్లే చెబుతాయి. 2021 ఏప్రిల్ నుంచి టీ-మొబైల్ కస్టమర్ల వెబ్, యాప్ వాడకాన్ని ప్రకటనల కోసం వాడుకోవడం మొదలుపెట్టింది, వద్దన్నవారిని మినహాయించి. అదే ఏడాది చివర్లో వెరిజాన్‌లో కస్టమ్ ఎక్స్‌పీరియన్స్ అనే ఇలాంటి ఏర్పాటే దానంతట అదే ఆన్ అయి కనిపించింది. ఏటీ అండ్ టీ తన ఏర్పాటుకు రిలవెంట్ అడ్వర్టైజింగ్ అని పేరు పెట్టుకుంది. ఈ పేర్లు చూడండి. మనకేదో కొసరి వడ్డిస్తున్నట్లుంటాయి. వడ్డిస్తున్నది మనల్నే. (నవ్వులు)

మీకు అబద్ధం చెప్పి పంపలేను, కాబట్టి ఇదీ చెప్పాలి. ఆప్ట్ అవుట్ చేసుకుంటే అన్నీ ఆగిపోతాయనుకోవద్దు. మన లొకేషన్ వ్యవహారం అందుకు సాక్ష్యం. కంపెనీలు టవర్ల నుంచి తెలిసే లొకేషన్‌ను మధ్యవర్తులకు అమ్మేశాయి, వాళ్లు మరొకరికి, వాళ్లు ఇంకొకరికి. కస్టమరు అనుమతి తీసుకునే బాధ్యత చివర కొన్నవాడి మీద పెట్టారు. కోళ్లగూటికి తలుపు వేసే పని నక్కకు అప్పగించినట్లు. 2018లో జైలు ఫోన్ల వ్యాపారం చేసే సెక్యూరస్ అనే కంపెనీ ద్వారా మిస్సోరీలో ఒక షెరీఫ్ ఒక జడ్జి ఫోనును, పోలీసు అధికారుల ఫోన్లను ఎక్కడున్నాయో వెతికించాడని బయటికొచ్చింది. 2019 జనవరిలో ఒక విలేకరి బెయిలు ఎగ్గొట్టినవాళ్లను పట్టుకునే ఒక మనిషికి 300 డాలర్లు ఇస్తే, అతను న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో ఉన్న ఒక ఫోను జాడ తీసి చూపించాడు. ఈ వ్యాపారంలో చిక్కుకున్నవాళ్లలో ఆప్ట్ అవుట్ చేసుకున్నవాళ్లు ఉంటే, వాళ్లకు అది ఏ మాత్రం ఉపయోగపడలేదు.

ఈ లొకేషన్ వ్యవహారంలోనే 2024 ఏప్రిల్‌లో ఎఫ్‌సీసీ నాలుగు కంపెనీలకు కలిపి 20 కోట్ల డాలర్లకు కొద్దిగా తక్కువ జరిమానా వేసింది. టీ-మొబైల్‌కు 8 కోట్లు, ఏటీ అండ్ టీకి 5.7 కోట్లు, వెరిజాన్‌కు సుమారు 4.7 కోట్లు, అప్పటికే టీ-మొబైల్‌లో కలిసిపోయిన స్ప్రింట్‌కు 1.2 కోట్లు. తర్వాతి ఏడాది కోర్టులు తలోదారీ పట్టాయి. న్యూయార్క్‌లోని అప్పీళ్ల కోర్టు వెరిజాన్ జరిమానాను, వాషింగ్టన్‌లోని కోర్టు టీ-మొబైల్, స్ప్రింట్ జరిమానాలను సమర్థించాయి. మన టెక్సాస్ మీద అధికారం ఉన్న ఐదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు మాత్రం ఏటీ అండ్ టీ జరిమానాను కొట్టేసింది, జ్యూరీ విచారణ హక్కు దక్కలేదన్న కారణంతో. ఒకే తప్పుకు ఒకే రకం జరిమానా, ఊరు మారితే ఫలితం మారింది.

పోయిన సమాచారం పోయినట్లే అన్నది ఇంకో సంగతి. 2024 జులైలో ఏటీ అండ్ టీ ఒక ప్రకటన చేసింది. 2022 మే నుంచి అక్టోబరు దాకా దాదాపు మొత్తం సెల్‌ఫోను కస్టమర్ల కాల్స్, సందేశాల వివరాలు దొంగలపాలయ్యాయి. మాటలు కాదు, ఎవరు ఎవరితో అన్న లెక్కలు. నేను ఇందాక చెప్పిన వరుసలే. ఆప్ట్ అవుట్ పంచుకోవడాన్ని ఆపుతుంది, దాచిపెట్టడాన్ని ఆపదు.

మరి ఎందుకు చేయాలి అంటారా? ఎన్ని చేతులు మారితే అన్ని చోట్ల నకళ్లు మిగులుతాయి. నకళ్లు తగ్గితే చాలు అన్నదే నా లెక్క. వాకిలి తలుపుకు గడియ లేదని పెరటి తలుపు కూడా తీసి ఉంచం కదా.

ఇక చేసే పద్ధతి. కంపెనీ వెబ్‌సైటులోనో యాప్‌లోనో మీ ఖాతా తెరిచి, ప్రైవసీ అన్న చోటికి వెళ్లండి. అక్కడ సీపీఎన్ఐ అన్న పేరు వెతకండి. దాని పక్కనే ప్రకటనలకు, వాడకం విశ్లేషణకు వేర్వేరు మీటలు ఉంటాయి. ఒకటి ఆపితే రెండోది ఆగదు, అన్నీ విడివిడిగా ఆపుకోవాలి. దొరక్కపోతే మీ సెల్‌ఫోను నుంచి 611 నొక్కి, సీపీఎన్ఐ ఆప్ట్ అవుట్ కావాలని అడగండి. అవతలి మనిషికి అర్థం కాకపోతే పై అధికారిని అడగండి. తేదీ, మాట్లాడినవారి పేరు రాసి పెట్టుకోండి. "నేను డు నాట్ కాల్ జాబితాలో ఉన్నాను కదా" అని మా పిన్నిగారు అడిగారు. అది వేరు. అది మన ఇంటికి వచ్చే అమ్మకాల కాల్‌ను ఆపేది, ఇది మన ఇంటి నుంచి వెళ్లే సమాచారాన్ని ఆపేది. ఇండియాలో 1909కి చేసి డీఎన్‌డీ పెట్టించుకునేది కూడా మొదటి రకమే.

ఇప్పుడు మనవాళ్లకు మాత్రమే ఉన్న చిక్కు ఒకటి. ఫ్యామిలీ ప్లాను. నవ్వుతున్నారు, అంటే ఎవరి సంగతి చెప్పబోతున్నానో తెలిసిపోయింది. చదువుకోవడానికి వచ్చిన ఐదుగురు కుర్రాళ్లు, ఐదు ఇంటిపేర్లు, ఐదు జిల్లాలు, ఒకే ఫ్యామిలీ. నెలకు మనిషికి 30, 40 డాలర్లు మిగులుతాయి. ఖాతా మాత్రం ఒకడి పేరు మీద ఉంటుంది. చాలా మీటలు ఒక్కో లైనుకు విడివిడిగా ఉంటాయి, వాటిని తిప్పే అధికారం ఖాతాదారు చేతిలో ఉంటుంది. ఇంకో మాట, ఏ లైను నుంచి ఏ నంబరుకు ఎన్ని నిమిషాలో ఖాతాదారు తన తెర మీద చూడగలడు. మీరు మీ భార్యకు చెప్పని కాల్ కూడా ఎప్పటి పాత రూమ్‌మేటుకో కనిపిస్తుంది. కంపెనీ పంచుకుంటోందని మనం ఆందోళన పడుతున్నాం, పంచుకోవడం మనమే మొదలుపెట్టాం.

నేనూ అలాంటి ఫ్యామిలీలోనే ఉన్నాను, ఈ మధ్యదాకా. ఒహాయోలో చదువుకున్నప్పుడు చేరాను, పెళ్లయింది, ఇద్దరు పిల్లలు పుట్టారు, ఇల్లు కొన్నాను, ప్లాను మాత్రం మారలేదు. ఈ ప్రసంగం ఒప్పుకున్నాక సిగ్గేసి, పోయిన శనివారం ఖాతాదారైన మిత్రుడికి ఫోను చేశాను. "ఒరేయ్, ప్రైవసీ పేజీ తెరువు" అన్నాను. పాస్‌వర్డు మర్చిపోయాడు. అది తేలేసరికి ముప్పావు గంట. తీరా తెరిస్తే, ఆరు లైన్లకూ అన్ని మీటలూ ఆన్‌లోనే ఉన్నాయి, ఏళ్ల తరబడి. ఒక్కొక్కటే చదివించి ఆపించాను. వాడిది, నాది, వాడి భార్యది, అట్లాంటాలో ఉన్నవాడిది, ఇండియాకు తిరిగి వెళ్లిపోయి నంబరు వదులుకోలేక ఉంచుకున్నవాడిది. ఐదయ్యాయి. ఆరో నంబరు దగ్గర ఇద్దరం ఆగిపోయాం. అది ఎవరిదో వాడికీ తెలియదు, నాకూ తెలియదు. ఐదుగురం ఏళ్లుగా తలా ఇంత కడుతూనే ఉన్నాం. ఎవరో పోయిన నెల ఆ లైను మీద 212 నిమిషాలు మాట్లాడారు.

ఆ మీటలు కూడా ఆపేశాం. ఇంక ప్రశ్నలుంటే అడగండి, ఈలోపు సమోసాలు ఇటు అందించండి.